పద్నాలుగు కుర్చీలు, ఆరుగురు మనుషులు: ఒక ఫ్లోరిడా దోపిడీ కేసు

మా కోర్టు హాల్లో జ్యూరీ, అంటే ముద్దాయి దోషా కాదా తేల్చే మామూలు పౌరులు, కూర్చునే బాక్సులో 14 కుర్చీలుంటాయి. ముందు వరసలో ఏడు, వెనక వరసలో ఏడు. మరణశిక్ష పడే అవకాశమున్న కేసయితే 12 మంది జ్యూరర్లు, ఇద్దరు అదనపు జ్యూరర్లు కూర్చుని బాక్సు నిండుగా కనిపిస్తుంది. మిగతా ఏ క్రిమినల్ కేసుకైనా, అది యావజ్జీవం పడేదైనా సరే, ఆరుగురే. వాళ్లతో పాటు ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే పనికొస్తారని ఒక అదనపు మనిషి. వెనక వరస మొత్తం ఖాళీ. విచారణ మొదటి రోజు నా క్లయింటు అటు చూసి, "మిగతావాళ్లు ఎప్పుడొస్తారు?" అని అడిగాడు. రారని చెప్పాల్సి వచ్చింది.

ఈ విచారణ 2021 చివర్లో జరిగింది. అప్పీలు కూడా ముగిసిపోయింది కాబట్టి రాయగలుగుతున్నాను. మనుషుల్నీ ఊరినీ గుర్తుపట్టే వివరాలు మార్చాను. కోర్టులో ఏ పని ఏ పద్ధతిలో నడిచిందో మాత్రం నడిచినట్టే ఉంచాను. నేను మధ్య ఫ్లోరిడాలో క్రిమినల్ డిఫెన్స్ లాయరుని. జ్యూరీలో ఎంతమంది ఉండాలన్నది కోర్టు ఖర్చుల గొడవ అని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఈ కేసు తర్వాత అలా అనుకోవడం లేదు.

కేసు

ఒక రాత్రి తొమ్మిది గంటల వేళ, మెయిన్ రోడ్డు మీదున్న చిన్న కన్వీనియన్స్ స్టోర్‌లోకి టోపీ పెట్టుకున్న కుర్రాడొకడు వచ్చాడు. కౌంటర్ దగ్గరున్నాయన్ని గోడకేసి తోసి, గల్లాపెట్టెలో ఉన్న డబ్బు లాక్కుని పోయాడు. 200 డాలర్లు కూడా ఉండవు. చేతిలో ఆయుధం లేదు. ఫ్లోరిడాలో దీన్ని సెకండ్ డిగ్రీ ఫెలనీ, అంటే రెండో స్థాయి తీవ్ర నేరం, అంటారు. గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు.

ప్రాసిక్యూషన్ దగ్గరున్నవి రెండు. ఒకటి సీసీటీవీ వీడియో. కెమెరా కప్పుకి దగ్గరగా ఉంది కాబట్టి టోపీ అంచు, గడ్డం తప్ప ఏమీ కనపడదు. రెండోది కౌంటర్‌లో ఉన్నాయన గుర్తింపు. నాలుగు రోజుల తర్వాత పోలీసులు ఆరు ఫొటోలు చూపిస్తే ఆయన మూడోది పట్టుకుని "ఇతనే అనుకుంటా" అన్నాడు. కోర్టుకొచ్చేసరికి ఆ "అనుకుంటా" రాలిపోయింది. వేలు చూపించి "ఇతనే" అన్నాడు. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి ఇది కొత్త కాదు. నెలలు గడిచేకొద్దీ సాక్షికి జ్ఞాపకం తగ్గుతుంది, నమ్మకం పెరుగుతుంది.

నా క్లయింటు 22 ఏళ్ల నల్లజాతి కుర్రాడు. కార్ వాష్‌లో పని, పిన్ని ఇంట్లో ఉంటాడు. ఆ రాత్రి ఇంట్లోనే ఉన్నాడని పిన్ని చెప్పింది. ఫ్లోరిడాలో ఇలాంటి సాక్ష్యం అప్పటికప్పుడు తీసుకురావడానికి వీల్లేదు. ప్రాసిక్యూటర్ రాతపూర్వకంగా అడిగితే, విచారణకి కనీసం పది రోజుల ముందు ఆ సాక్షి పేరు, చిరునామా, ముద్దాయి ఎక్కడున్నాడంటున్నామో అన్నీ రాసిచ్చేయాలి. ఇచ్చాం. వాళ్లు ఆమెని పిలిపించి డిపొజిషన్, అంటే విచారణకి ముందే ప్రమాణం చేయించి వాంగ్మూలం, తీసుకున్నారు. "ఎనిమిది దాటాక వచ్చాడు" అంది. విచారణలో నేనడిగితే "ఎనిమిదింటికి ముందే వచ్చాడు" అంది. దొంగతనం జరిగింది తొమ్మిదింటికి. ఏ మాట తీసుకున్నా అతను అప్పటికి ఇంట్లోనే ఉన్నట్టు. అయినా ప్రాసిక్యూటర్ ఆ అరగంట తేడా పట్టుకుని ఇరవై నిమిషాలు నలిపాడు. ఆమె చివరికి "నాకు టెన్షన్‌గా ఉంది, ఆ రోజు టైమ్ చూసుకోలేదు" అంది. చూసుకోనిదానివి టైమ్ ఎలా చెప్పావని ఇంకో అయిదు నిమిషాలు.

ఈ పిన్ని సంగతి ఇంత వివరంగా ఎందుకు చెప్పానో తర్వాత తెలుస్తుంది.

విచారణకి ముందు మూడేళ్లకి బేరం పెట్టారు. తప్పు ఒప్పుకుంటే మూడేళ్లు. అతను ఒప్పుకోలేదు.

ఎంపిక

విచారణ ముందురోజు రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. నాన్న తెనాలిలో ప్లీడరు. నలభై ఏళ్ల ప్రాక్టీసులో జ్యూరీని కళ్లతో చూసింది లేదు. మన దగ్గర జ్యూరీ అనగానే 1959 నాటి నానావతి కేసే గుర్తొస్తుంది, నేవీ అధికారి ఒకడు భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన కేసు. బొంబాయిలో తొమ్మిదిమంది జ్యూరీ, ఎనిమిదిమంది నిర్దోషి అంటే ఒక్కరు కాదన్నారు. జడ్జి ఆ తీర్పుని ఒప్పుకోక హైకోర్టుకి పంపాడు. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ నాటికి ఆ పద్ధతే పోయింది.

"పన్నెండుమందిని చూసుకుంటూ వాదించాలంటే కష్టం కదమ్మా" అన్నాడు నాన్న.

"పన్నెండు కాదు నాన్నా, ఆరుగురే."

కాసేపు మాట్లాడలేదు. "మన పంచాయితీ కంటే ఒక్కడే ఎక్కువన్నమాట" అన్నాడు.

సరదాకే అన్నాడు గానీ ఆయన వేలు పెట్టింది సరైన చోటే. పంచాయితీ అన్న మాటలోనే అయిదు ఉంది. ఆ అయిదు చాలదని అమెరికా సుప్రీంకోర్టు 1978లో జార్జియా కేసులో తేల్చింది. ఆరు చాలని 1970లో ఫ్లోరిడా కేసులో చెప్పింది. మనవాళ్ల పద్ధతికీ ఇక్కడి రాజ్యాంగానికీ మధ్య ఒక్క కుర్చీ తేడా.

మర్నాడు పొద్దున జ్యూరీని ఎంచుకోవడానికి పిలిచిన 24 మంది ప్యానెల్ వచ్చింది. వాళ్లలో నల్లవాళ్లు ఇద్దరు. ఒకావిడ రోజుకూలీ మీద బతుకుతోంది. ఫ్లోరిడాలో జ్యూరీకి వచ్చినవాళ్లకి, యజమాని జీతం ఇవ్వకపోతే, మొదటి మూడు రోజులు రోజుకి 15 డాలర్లు ఇస్తారు. పెట్రోలుకీ పార్కింగుకీ సరి. జడ్జి ఆమెని పంపేశాడు. తప్పుపట్టలేను. రెండో అతను, నలభై దాటిన ఎలక్ట్రీషియన్, తన అన్నని ఒకసారి పోలీసులు పొరపాటున అరెస్టు చేశారని నిజాయితీగా చెప్పాడు. ప్రాసిక్యూటర్ స్ట్రైక్, అంటే కారణం చెప్పకుండా జ్యూరర్‌ని తీసేసే హక్కు, వాడి అతన్ని తీసేశాడు. నేను అభ్యంతరం చెప్పాను. జాతిని బట్టి తీసేయడానికి వీల్లేదు కాబట్టి వేరే కారణం చెప్పమని జడ్జి అడిగాడు. "అన్న అరెస్టు" అన్నాడు ప్రాసిక్యూటర్. ఆ కారణం సరిపోయింది.

ఇక్కడ బయటివాళ్లకి కనపడని లెక్క ఒకటుంది. ఈ స్ట్రైకులు, ఇలాంటి కేసులో ఫ్లోరిడాలో చెరో ఆరు. కుర్చీలు ఆరు, ప్రాసిక్యూటర్ చేతిలో స్ట్రైకులూ ఆరు. ఫెడరల్ కోర్టులో ఫెలనీ కేసయితే కుర్చీలు 12, ప్రభుత్వానికి స్ట్రైకులు ఆరు, ముద్దాయికి పది. అక్కడ ప్రభుత్వం చేయి సగం కుర్చీల వరకే చాలుతుంది. ఇక్కడ ప్రతి కుర్చీకీ చాలుతుంది. జ్యూరీని సగానికి తగ్గించినప్పుడు స్ట్రైకుల్ని సగం చేయాలని ఎవరికీ తోచినట్టు లేదు. చిన్న జ్యూరీ మీద ఎన్ని వాదనలు చదివినా ఈ సంగతి మాట్లాడేవాళ్లు తక్కువ. పోనీ నాకూ ఆరు ఉన్నాయి కదా అంటే, ప్యానెల్లో ఇద్దరే ఉన్న రకం మనుషుల్ని కాపాడుకోవడానికి స్ట్రైకులు పనికిరావు. స్ట్రైకుతో తీసేయగలం, కూర్చోబెట్టలేం.

స్ట్రైకులు పక్కన పెట్టి చీటీలు తీసినట్టు తీసినా లెక్క అంతే. ఊళ్లో పది శాతం ఉన్న వర్గం నుంచి కనీసం ఒక్కరైనా జ్యూరీలో పడే అవకాశం పన్నెండుమంది అయితే 72 శాతం, ఆరుగురయితే 47. ఫోన్లో కాలిక్యులేటర్ ఉన్న ఎవరైనా చూసుకోవచ్చు. హాన్స్ జీసెల్ అనే షికాగో ప్రొఫెసర్ 1971లోనే ఈ లెక్క చూపించి సుప్రీంకోర్టుని ఎత్తిపొడిచాడు.

మధ్యాహ్నానికి ఆరుగురూ తేలారు. నలుగురు తెల్లవాళ్లు, ఇద్దరు క్యూబన్ మూలాలవాళ్లు. అందరూ మర్యాదస్తుల్లాగే కనిపించారు. నాలుగో నంబరు, అరవై దాటిన ఒక రిటైర్డ్ స్కూల్ బస్ డ్రైవర్. నేనడిగిన ప్రశ్నలకి ఆమె ఆలోచించి జవాబు చెప్పింది. ఆమెని అట్టే పెట్టుకోవడానికి నాకు ఆ ఒక్క కారణం చాలింది.

విచారణ మొదలయ్యే ముందే రాతపూర్వకంగా ఒక మోషన్, అంటే జడ్జికి అర్జీ, వేశాను. 12 మంది జ్యూరీ కావాలని. ఇవ్వరని తెలుసు. వేయకపోతే రేపు అప్పీల్లో ఆ మాటెత్తడానికి ఉండదు. "డినైడ్" అన్నాడు జడ్జి. పదిహేను సెకన్లు పట్టింది.

గదిలోకి వెళ్లాక

సాక్ష్యాలు రెండు రోజుల్లో అయిపోయాయి. రెండో రోజు మధ్యాహ్నం రెండింటికి జ్యూరీ లోపలికి వెళ్లింది.

మూడున్నరకి మొదటి చీటీ వచ్చింది. వీడియో మళ్లీ చూస్తామని. మంచిదే. వీడియో అడిగారంటే కౌంటర్ ఆయన మాట ఎవరికో చాల్లేదన్నమాట. వాళ్లు దాన్ని నాలుగుసార్లు చూశారు. ఒకాయన టీవీ దాకా నడిచొచ్చి స్క్రీన్ మీదికి వంగి గడ్డం వైపు చూశాడు.

అయిదుం పావుకి రెండో చీటీ. కోర్టు బంట్రోతు లాంటి బెయిలిఫ్ తెచ్చి జడ్జికిచ్చాడు, జడ్జి పైకి చదివాడు. "అయిదుగురం ఒకవైపు, ఒకరు ఒకవైపు ఉన్నాం. ఆ ఒకరు మారరు. ఏం చేయమంటారు?"

ఓట్లు ఎలా చీలాయని జడ్జి అడగడు. వీళ్లంతట వీళ్లే రాసేశారు. అయిదుగురు ఎటు, ఒకరు ఎటు అన్నది చీటీలో లేదు. ప్రాసిక్యూటర్ ముఖం చూశాను, అతను నా ముఖం చూశాడు. వరండాలోకి వచ్చి, "18 నెలలకి తేల్చేసుకుందామా?" అన్నాడు. అంటే అతనికీ భయం వేసింది. మూడేళ్ల బేరం మూడు గంటల్లో సగమైంది.

క్లయింటుకి చెప్పాను. "అయిదుగురు మనవైపా?" అని అడిగాడు. తెలియదన్నాను. "మీకేమనిపిస్తోంది?" అన్నాడు. ఇరవై ఏళ్ల అనుభవంలో ఇంతకంటే కష్టమైన ప్రశ్న లేదు. వీడియో అడిగిన తీరు చూస్తే ఒకరికి మాత్రమే సందేహం ఉందనిపిస్తోందని, ఆ ఒకరు నిలబడితే అందరూ ఒక్క మాట మీదికి రాక హంగ్ జ్యూరీ అవుతుందని, నిలబడకపోతే దోషి అంటారని చెప్పాను. పిన్ని వైపు చూశాడు. "చేయనిదానికి 18 నెలలు ఎందుకు?" అన్నాడు. బేరం అక్కడితో సరి.

మిస్ట్రయల్, అంటే తీర్పు లేకుండానే విచారణ రద్దు, ప్రకటించమని అడిగాను. ఇంకా తొందరేం లేదన్నాడు జడ్జి. జ్యూరీని పిలిచి, మేం అలెన్ చార్జ్ అని పిలుచుకునే సూచన చదివాడు. 1896 నాటి సుప్రీంకోర్టు కేసు నుంచి వచ్చిన పేరది. ఫ్లోరిడాలో చదివే పాఠం మృదువుగానే ఉంటుంది. మళ్లీ లోపలికి వెళ్లండి, ఒక్కొక్కరూ వంతులవారీగా మీ వాదనలో ఉన్న బలహీనత ఏమిటో మిగతావాళ్లకి చెప్పండి, మధ్యలో ఎవరూ అడ్డుపడకండి, అంతా అయ్యాక కూడా కుదరకపోతే తిరిగి రండి అని. అందరికీ సమానంగా చెప్పినట్టే ఉంటుంది. అయిదుగురు తమ బలహీనతల్ని తలో ముక్క పంచుకుంటారు. ఒంటరిగా ఉన్నావిడ మాత్రం తన బలహీనతని అయిదు ముఖాల ముందు ఒక్కతే విప్పి చెప్పుకోవాలి.

ఆ పాఠం చదువుతున్నంతసేపూ నాలుగో నంబరు తన చేతుల వైపే చూసుకుంటూ ఉంది.

నలభై నిమిషాలకి మళ్లీ తలుపు తట్టారు. దోషి. జ్యూరర్లని విడివిడిగా అడగమన్నాను. క్లర్కు ఒక్కొక్కరినీ "ఇది మీ తీర్పేనా?" అని అడుగుతాడు. ఒకటి, యెస్. రెండు, యెస్. మూడు, యెస్. నాలుగో నంబరు దగ్గర ఆగింది. క్లర్కు మళ్లీ అడిగాడు. ఆమె జడ్జి వైపు కాదు, మా బల్ల వైపు చూసి "యెస్" అంది. అయిదు, ఆరు వెంట వెంటనే.

ఆ ఒక్కరు ఆమేనా? అయిదుగురు మారమని అడిగింది ఆమెనేనా? నాకు తెలియదు, తెలుసుకోలేను. ఫ్లోరిడాలో తీర్పు అయ్యాక లాయరు తనంతట తాను జ్యూరర్ల దగ్గరికి వెళ్లి లోపల ఏం జరిగిందని ఊరికే అడగడానికి బార్ నియమాలు ఒప్పుకోవు. ఆమె సూపర్ మార్కెట్లో ఎదురుపడినా నేను తల దించుకుని పోవాలి.

శిక్ష ఆరేళ్లు పడింది.

ఈ ఆరు ఎక్కణ్ణించి వచ్చింది

అప్పీలు కోసం పాత తీర్పులు మళ్లీ చదివాను. లా స్కూల్లో చదివినప్పుడు ముఖ్యాంశాలు గీసుకుని వదిలేసినవే. ఈసారి క్లయింటు ముఖం పక్కన పెట్టుకుని చదివితే వేరేగా కనిపించాయి.

1898లో యూటా నుంచి వచ్చిన కేసులో సంగతి ఒక దూడ దొంగతనం. యూటా ఇంకా రాష్ట్రం కాకముందు దూడని ఎత్తుకుపోయారన్నది ఆరోపణ. మొదటిసారి 12 మంది ముందు విచారణ జరిగింది, తర్వాత తిరిగి విచారణకి ఆదేశించారు. ఆలోగా యూటా రాష్ట్రమైపోయింది, ఎనిమిదిమంది జ్యూరీ పద్ధతి వచ్చింది. రెండోసారి ఎనిమిదిమంది దోషి అన్నారు. సుప్రీంకోర్టు కొట్టేసింది. రాజ్యాంగంలో జ్యూరీ అంటే పన్నెండుమందే, అంతకు తక్కువ కాదు అంది. ఒక్క దూడ కోసం అంత స్పష్టంగా చెప్పిన కోర్టు, డెబ్భై ఏళ్ల తర్వాత మనిషి జీవితకాలం కోసం అంత స్పష్టంగా చెప్పలేదు.

ఆ 1970 కేసు పేరు విలియమ్స్ వర్సెస్ ఫ్లోరిడా. దోపిడీ కేసు, ఆరుగురు జ్యూరీ, యావజ్జీవం. ముద్దాయి తాను ఆ సమయంలో ఒకావిడ అపార్ట్‌మెంట్లో ఉన్నానన్నాడు. ఆ సాక్షి పేరు ముందే చెప్పాలన్న నియమం తప్పని వాదించి ఓడిపోయాడు. ప్రాసిక్యూషన్ ఆమెకి ముందే డిపొజిషన్ పెట్టి, ఆ మాటల్నే విచారణలో ఆమె మీదికి తిప్పింది. మా పిన్నిగారికి జరిగింది అదే రాష్ట్రంలో అదే నియమం కింద, యాభై ఏళ్ల తర్వాత మళ్లీ అదే. ఆ తీర్పు చదువుతుంటే సాక్షి బోనులో ఆమె గొంతు వినిపించినట్టయింది.

జస్టిస్ వైట్ రాసిన తీర్పు సారం ఇది. పన్నెండు అన్న అంకె చరిత్రలో యాదృచ్ఛికంగా వచ్చింది. జ్యూరీ పని ప్రభుత్వానికీ ముద్దాయికీ మధ్య మామూలు మనుషుల్ని నిలబెట్టడం. కూర్చుని చర్చించుకోవడానికి, బెదిరింపులకి లొంగకుండా ఉండడానికి, సమాజంలో రకరకాలవాళ్లు పడడానికి తగినంతమంది ఉంటే చాలు. ఆరుగురయినా పన్నెండుగురయినా ఫలితాల్లో తేడా ఉన్నట్టు ఆధారాల్లేవు. ఆధారాలంటూ ఆ తీర్పు చూపించినవాటిలో చాలావరకు జడ్జీలూ లాయర్లూ తమ అనుభవంలో చెప్పిన అభిప్రాయాలే. జ్యూరీ సంఖ్య విషయంలో జస్టిస్ మార్షల్ ఒక్కడే విభేదించాడు.

నాకు ముల్లులా గుచ్చుకునేది వేరే. మైనారిటీలో ఉన్న జ్యూరర్ నిలబడగలడా లేదా అన్నది ఎంతమంది అన్నదాని మీద కాదు, ఎంత నిష్పత్తి అన్నదాని మీద ఆధారపడుతుందని ఆ తీర్పు అనుకుంది. అంటే పన్నెండుమందిలో పదిమంది ఒకవైపు, ఇద్దరు ఒకవైపు ఉన్నా, ఆరుగురిలో అయిదుగురు, ఒకరుగా ఉన్నా ఒకటేనట. అంకగణితంలో ఒకటే. గదిలో కాదు. సోలమన్ ఆష్ అనే మానసిక శాస్త్రవేత్త 1950ల్లో గీతల పొడవు పోల్చమని చేసిన ప్రయోగాలు చాలామందికి తెలుసు. చుట్టూ ఉన్నవాళ్లంతా కళ్లకి కనపడే తప్పు జవాబు చెబుతుంటే, ఎంతోమంది ఏదో ఒకసారైనా వాళ్లతో కలిసి తప్పు చెప్పారు. పక్కన నిజం చెప్పేవాడు ఒక్కడుంటే చాలు, ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. అత్తగారింట్లో పదిమంది మధ్య ఒక కోడలికీ, తోడికోడలు తనవైపున్న కోడలికీ ఉన్న తేడా మనకి ప్రయోగం లేకుండానే తెలుసు.

నేను ఒక లెక్క వేసి చూసుకున్నాను. ఊళ్లో ప్రతి ఆరుగురిలో ఒకరికి సందేహం కలిగేంత బలహీనమైన కేసు అనుకోండి. చీటీలు తీసినట్టు తీస్తే, ఆరుగురి జ్యూరీలో సందేహం ఉన్నవాళ్లు కనీసం ఇద్దరుండే అవకాశం 26 శాతం. పన్నెండుమంది అయితే 62 శాతం. తోడు దొరకడం అంటే ఇదే. మా నాలుగో నంబరు ఆ ఒక్కరే అయితే, ఖాళీగా ఉన్న వెనక వరసలో ఆమెకి తోడు ఉండే అవకాశం ఎక్కువన్నమాట. పన్నెండుమంది అయితే వదిలేసేవారని నేననను. పెద్ద జ్యూరీల్లో కూడా చాలాసార్లు మొదటి ఓటులో మెజారిటీ ఎటుంటే చివరికి అటే తేలుతుంది. హంగ్ అయ్యేదేమో. హంగ్ అయితే ఆ 18 నెలలు ఇంకా తగ్గేవేమో. చెప్పగలిగింది అంతే.

1978 నాటి జార్జియా తీర్పులో ఇంకో విచిత్రం ఉంది. అయిదుగురు చాలరని చెప్పడానికి జస్టిస్ బ్లాక్‌మన్ అప్పటికి వచ్చిన అధ్యయనాల్ని బోలెడు ఉదహరించాడు. చిన్న జ్యూరీలు తక్కువ చర్చిస్తాయి, సాక్ష్యాన్ని తక్కువ గుర్తుంచుకుంటాయి, మైనారిటీలు వాటిలో తక్కువ పడతారు అని. అవి చాలావరకు ఆరుగురినీ పన్నెండుగురినీ పోల్చిన అధ్యయనాలు. వాటితో కొట్టేయాల్సింది ఆరుని. కొట్టేసింది అయిదుని. ఆరుని ముట్టుకోలేదు. అంకెల మీద ఇంతగా ఆధారపడడమేమిటని జస్టిస్ పావెల్ విసుక్కున్నాడు. 1997లో సాక్స్, మార్టీ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు. పెద్ద జ్యూరీలు ఎక్కువసేపు చర్చిస్తాయనీ, ఎక్కువసార్లు హంగ్ అవుతాయనీ, మైనారిటీలకి ఎక్కువ చోటిస్తాయనీ మళ్లీ అదే తేలింది.

ఫ్లోరిడాకి ఈ ఆరు 1877లో వచ్చింది. అంతర్యుద్ధం తర్వాత దక్షిణాదిలో నల్లవాళ్లకి ఓటూ జ్యూరీలో చోటూ దక్కిన రోజులు ముగిసి, ఫెడరల్ సైన్యం వెనక్కి వెళ్లిపోయిన ఏడాది అది. ఈ సందర్భాన్ని కాకతాళీయం అనుకునేవాళ్లు అనుకోవచ్చు. అమెరికా సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ గోర్సచ్ అనుకోలేదు. 2020లో రామోస్ వర్సెస్ లూసియానా తీర్పులో జ్యూరీ ఏకగ్రీవంగా ఉండి తీరాలని రాసింది ఆయనే. జ్యూరీ అన్న మాటకి పాత ఇంగ్లిష్ చట్టంలో ఉన్న అర్థాన్నే రాజ్యాంగం తీసుకుందని ఆయన అన్నాడు. మరి ఆ అర్థంలో పన్నెండు కూడా ఉంది కదా! 2022 నవంబరులో అరిజోనా నుంచి ఎనిమిదిమంది జ్యూరీ మీద వచ్చిన పిటిషన్‌ని కోర్టు తీసుకోకపోతే, గోర్సచ్ విభేదించి విలియమ్స్ తీర్పు తప్పని రాశాడు. 2024 మేలో ఫ్లోరిడా నుంచే కన్నింగ్‌హామ్ కేసు వెళ్లింది. మళ్లీ తీసుకోలేదు, ఆయన మళ్లీ విభేదించాడు.

మా అప్పీలు సంగతి చెప్పడానికి పెద్దగా లేదు. 2022లో అప్పీలు కోర్టు కారణాలు రాయకుండా ఒక్క మాటతో కింది తీర్పుని సమర్థించింది. ఫ్లోరిడాలో అలా తేలిపోతే రాష్ట్ర సుప్రీంకోర్టుకి వెళ్లే దారి మూసుకుపోతుంది. వాషింగ్టన్‌లో ఉన్న అమెరికా సుప్రీంకోర్టుకి వెళ్దామా అని ఆలోచిస్తుండగానే అరిజోనా పిటిషన్‌ని తోసేశారు. ఆ ఆలోచన అక్కడే ఆగింది.

ఖర్చు సంగతి. ఇంకో ఆరుగుర్ని కూర్చోబెడితే చట్టం ప్రకారం గరిష్ఠంగా రోజుకి 90 డాలర్లు. రెండు రోజుల విచారణకి 180. దుకాణంలో పోయిన డబ్బు కంటే తక్కువేమో. నిజమైన ఖర్చు ఎంపికకి పట్టే సమయం. ఇంకో పూట పడుతుంది, ప్యానెల్ పెద్దది కావాలి. ఆ వాదనని నేను తీసిపారేయను. దూరం నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాళ్లని నేనూ చూశాను. అయితే ఇదే రాష్ట్రం మరణశిక్ష కేసుకి పన్నెండుమందిని తీసుకొస్తోంది, ఆ ఖర్చు పెడుతోంది. తెచ్చి, 2023 నుంచి వాళ్లలో ఎనిమిదిమంది సరేనంటే మరణశిక్ష సిఫార్సుకి చాలంటోంది.

ఇప్పుడు నేను చేసేది

ఎంపికలో ఇదివరకు సాక్షుల గురించి, పోలీసుల గురించి ఎక్కువ అడిగేదాన్ని. ఇప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతాను. "ఇంట్లోనో ఆఫీసులోనో అందరూ ఒక మాట అంటుంటే మీరొక్కరే కాదన్న సందర్భం ఒకటి చెప్పండి. చివరికి ఏమైంది?" చాలామంది నవ్వి ఏదో ఒకటి చెబుతారు. "చివరికి" అన్న దగ్గర ఏం చెబుతారన్నదే నేను రాసుకునేది. పట్టుదల ఉన్న ఒక్కరి కంటే, ఒకరినొకరు అర్థం చేసుకోగల ఇద్దరు నాకు ముఖ్యం. ప్యానెల్లో అలాంటి జంట కనిపిస్తే ఆ ఇద్దరిలో ఒకరిని నచ్చకపోయినా స్ట్రైక్ చేయను.

చివరి వాదనలో రెండు నిమిషాలు ఒక్క మనిషితో మాట్లాడతాను, ఎవరో తెలియకుండానే. ఏకగ్రీవం అంటే మెజారిటీ దగ్గరికి అందరూ చేరడం కాదని, మీ ఓటు మీదేనని. ప్రాసిక్యూటర్లు అభ్యంతరం చెబుతారు, కొందరు జడ్జీలు ఒప్పుకుంటారు, కొందరు ఆపేస్తారు. అలెన్ చార్జ్‌కి ప్రతిసారీ అభ్యంతరం రికార్డు చేయిస్తాను. చీటీలో అంకె కనపడిందంటే మరీను.

ఈ మధ్య ఒర్లాండోలో ఉండే మనవాడు ఒకడు ఫోన్ చేశాడు. పౌరసత్వం వచ్చి ఏడాది. జ్యూరీ సమన్లు వచ్చాయి. డ్రైవింగ్ లైసెన్సుల జాబితాలోంచి తీస్తారు కాబట్టి ఇవి గ్రీన్ కార్డు వాళ్లకీ వస్తుంటాయి, పౌరులం కాదని రాసి పంపితే సరిపోతుంది. ఇతనికి ఆ దారి లేదు.

"అక్కా, తప్పించుకోవడం ఎలా? ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది మాకు."

"ఎన్ని రోజులు పడుతుందో తెలుసా? మహా అయితే రెండు మూడు."

"నేనొక్కణ్ణి లేకపోతే ఏమవుతుంది చెప్పండి, పన్నెండుమందిలో?"

"ఆరుగురిలో" అన్నాను.

వెళ్లాడట. ప్యానెల్లోనే ఆగిపోయాడు, ప్రాసిక్యూటర్ స్ట్రైక్ చేశాడని చెప్పాడు. తిరిగొస్తూ రిలీజ్‌కి అందుకున్నాడు.

నా క్లయింటు శిక్షలో కనీసం 85 శాతం లోపల గడపాలి. అయిదేళ్ల ఒక నెల పైన. పిన్ని అప్పుడప్పుడు ఆఫీసుకి వస్తుంది, కొత్త దారి ఏమైనా ఉందా అని. ఆ రోజు తాను టైమ్ సరిగ్గా చెప్పి ఉంటే బాగుండేదని ప్రతిసారీ అంటుంది. ఆ అరగంట వల్ల కాదని చెబుతాను, నమ్మదు.

పన్నెండుమంది జ్యూరీ కోరే మోషన్ ఇప్పుడు నా కంప్యూటర్‌లో తయారుగా ఉంటుంది. పేరు, కేసు నంబరు మార్చి ప్రతి ఫెలనీ విచారణకి ముందు వేస్తాను. మొన్న వేసినప్పుడు జడ్జి తల కూడా ఎత్తలేదు. "డినైడ్. ప్యానెల్‌ని పిలవండి" అన్నాడు. బెయిలిఫ్ తలుపు తీశాడు. వాళ్లు లోపలికొచ్చి ముందు వరసలో సర్దుకుని కూర్చున్నారు.